రెండంగుళాలు

రోడ్డు సర్వేల టేపు పట్టేటోన్ని నేను.
సిరొంచ మాది. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ,
తిట్టుకునేటప్పుడు రెండూ.
ఏటపల్లి దాటి, ఇంక ముందుకు పోయి
కుర్మాడ అనే ఊరి పొలిమేరల
నిలబడ్డ రాళ్ళకు నంబర్లేసే పని పడ్డది.

ముప్పై ఒక్క రాళ్ళు.
ఒకటో రాయి మీద నెలవంక.
నాలుగో రాయి మీద
అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకున్న మనిషి,
కాళ్ళు అరిగిపోయినయి, ఆట మాత్రం ఆగలే.
తొమ్మిదో రాయి మీద ఏమున్నదో
వేలికి తెలుస్తది, కంటికి తెల్వది.
పదిహేడో రాయి మీద ఒక దువ్వెన.
పండ్లు లెక్కపెట్టిన. పదకొండు.
పన్నెండోది సగానికి విరిగింది.
రాయి విరగలే,
విరిగిన పన్నునే అట్ల చెక్కిండ్రు ఎవరో,
ఆమె తలల ఉన్నది ఉన్నట్టు.

కుంచె ముంచి ఒకటి గీసిన, ఏడు గీయబోతుంటే
తునికాకు మోపు దించి నిలబడ్డది జూరి పుంగాటి.
మాడియ మాటల సగం నాకు తెలుసు,
మిగిలిన సగం తెలిసినట్టే ఉంటయి.
"కల్" అన్నది, అరచేత్తో రాయిని తట్టి.
మాకు కల్లంటే ఈతచెట్టుది,
పొద్దుగాల లొట్టిల నురుగు.
నేను నవ్విన. ఆమె నవ్వలే.
"ఆమె ముఖం మీద రాస్తున్నవు" అన్నది.

ఆ రాత్రి క్యాంపుల నిద్ర పట్టలే.
మా తాత ఓరుగల్లు నుంచి
మగ్గం కర్రలు భుజాన పెట్టుకొని నడిచొచ్చిండు సిరొంచకు.
ఓరుగల్లు.
ఓరు. కల్లు.
ఒక్క రాయి!
ఇన్నేండ్లు నోట్ల వేసుకొని తిరిగిన
అది రాయని తెల్వకుండ.

తెల్లారి పోయి అంకెను తుడిచిన,
దువ్వెన దిక్కు కాకుండ వెనుక రాసిన.
జూరి చూసింది, ఏమనలే.
సొరకాయ బుర్రల నుంచి ఇప్పసారా రెండు చుక్కలు
రాయి మొదట్ల పోసి చెప్పింది:
వాగు నుంచి మోసుకొచ్చిండ్రంట.
చోటు నచ్చకపోతే నడిమిట్లనే బరువెక్కుతదంట,
పన్నెండు మంది మోసినా కదలదంట.
నచ్చితే
ఏటికింత పెరుగుతదంట.
"రాయి పెరుగుతదా?"
"టేపు నీ చేతిల ఉన్నది గద.
నువ్వే చెప్పు."

నాలుగడుగుల నాలుగంగుళాలు.

అహేరి ఆఫీసుల పాత రిజిస్టరు దొరికింది,
చెదలు తిన్నంత తిని విడిచిన కాగితాలు.
ఎవరో జంగిలాతు గుమాస్తా, మోడీ లిపిల సంతకం.
దువ్వెన రాయి: నాలుగడుగుల రెండంగుళాలు.
బోర్కుటే సాబుకు చూపించిన.
"మట్టి కొట్టుకపోయి ఉంటది" అన్నడు.
"రాళ్ళు పెరగవురా,
పెరిగేటివి ఎస్టిమేట్లు."
నిజమే కావచ్చు. నాలుగో రాయి అంతే ఉన్నది.
తొమ్మిదోది మూడంగుళాలు తగ్గింది మరి.
దాని కింద మట్టి పెరిగిందా,
లేకపోతే ఆయన ఎవరి మీదనన్న అలిగిండా,
ఏ గడిల రాయాలె ఈ ముచ్చట?

ఆఖరి దినం సామాను జీపుల వేస్తుంటే
జూరి అడిగింది:
"మీ తాత రాయి ఎక్కడ?"
రాయి లేదన్న. కాల్చినం,
బూడిద ప్రాణహితల కలిపినం అన్న.
చాలాసేపు నా దిక్కే చూసింది,
బువ్వ తినని పిలగాన్ని చూసినట్టు.
"మరి ఆయన సంతోషంగున్నడో లేదో
మీకెట్ల తెలుస్తది?"

డ్రైవరు హారన్ కొట్టిండు.

ఫారంల ఇంకా రెండు గడులు ఖాళీ.
'తరలించవలెనా' అన్నది సాబు నింపుతడు,
అది నా చేతిల లేదు.
'ఎత్తు' అన్నది నాది.
జీపు గుంతలల్ల ఎగురుతుంటే
ఒడిల పెట్టుకొని రాసిన
నాలుగు, నాలుగు.
పెన్నుతోటి కాదు, పెన్సిలుతోటి.
ఇంకెవరో వస్తరు గద ఎప్పటికన్న,
కొలిచెటందుకు.